ఉసిరికాయ ఎండబెడితే యాంటీఆక్సిడెంట్ గుణం పోతుందా?

కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. ఉసిరిలో విటమిన్ సి ఒక్కటే కాదు, గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం, టానిన్లు కూడా దండిగా ఉంటాయి. కొరకగానే నోరు పట్టేసే ఆ వగరు టానిన్లదే. ఎండకీ వేడికీ విటమిన్ సి తొందరగా దెబ్బతింటుంది. వగరు పదార్థాలు అంతకన్నా గట్టివి.

ఇవి ఒంట్లో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులకి ఎలక్ట్రాన్ ఇచ్చి వాటి దూకుడు తగ్గిస్తాయి. యాంటీఆక్సిడెంట్ గుణం అంటే ఇదే. ఇనుమును పట్టి ఉంచడం ఇంకో పని. అది ఇంట్లోనే చూడొచ్చు: ఇనప కత్తిపీటతో ఉసిరి కోస్తే ముక్క అంచు నల్లబడుతుంది. టానిన్లు ఇనుముతో కలిస్తే వచ్చే రంగే అది. త్రిఫలలో ఉసిరితో పాటు వేసే కరక్కాయ, తానికాయల్లోనూ ఈ వగరే ఉంటుంది.

అయితే ఒక్క మాట. ల్యాబ్‌లో పరీక్షనాళికలో కనిపించిన బలమంతా ఒంట్లో కనిపించదు. పెద్ద టానిన్లను పేగులు నేరుగా పీల్చుకోలేవు. అక్కడి బ్యాక్టీరియా వాటిని యూరోలిథిన్ల లాంటి చిన్న పదార్థాలుగా మార్చాకే కొంత రక్తంలోకి చేరుతుంది. అందుకే చూర్ణం డబ్బా మీద "క్యాన్సర్ తగ్గుతుంది" అని రాసి ఉంటే దయచేసి నమ్మకండి. షుగర్ మందులు వాడేవాళ్లు రోజూ చూర్ణం మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పాలి. అన్నంలో కాస్త ఉసిరి పచ్చడి కలుపుకోవడానికి మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు.