తమ్ముడి కాళ్ల కోసం తోట అమ్మి విదేశం తీసుకెళ్లమంటారా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 27 ఏళ్లు. పదహారు నెలల కిందట వానకు తడిసిన కొబ్బరి చెట్టెక్కి జారిపడ్డాడు. కాకినాడలో రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. డి12 (ఛాతీ వెనక వరసలో చివరి పూస) దగ్గర వెన్నుపాము నలిగిందన్నారు. కాళ్లలో కదలిక లేదు. విదేశంలో వెన్నులోకి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కించే ఆస్పత్రి ఉందని, నాలుగు ఇంజెక్షన్లతో లేచి నిలబడతాడని ఒక ఏజెంటు చెబుతున్నాడు. 22 లక్షలట. నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం తోట అమ్మేద్దామనుకుంటున్నాను. వెళ్లమంటారా? - ఒక అక్క

జవాబు: అమ్మా, ముందు తోట బేరం ఆపండి. బయానా పుచ్చుకోకపోయి ఉంటే మరీ మంచిది.

వెన్నుపాము దెబ్బకు మూలకణాలతో వైద్యం కోసం పరిశోధన జరగడం లేదని నేననను. జోరుగానే జరుగుతోంది. జపాన్‌లో కీయో విశ్వవిద్యాలయం వాళ్లు నలుగురికి ప్రయోగశాలలో తయారుచేసిన కణాలు ఎక్కించి, 2025లో ఫలితాలు చెప్పారు. ఇద్దరిలో కదలిక మెరుగైంది. అయితే ఆ నలుగురూ దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల లోపువాళ్లు. ఆ తొలి నెలల్లో ఏమీ ఎక్కించకపోయినా కొందరు కొంత తేరుకుంటారు. కాబట్టి ఎంత కణాల పుణ్యమో, ఎంత ఒంటి పుణ్యమో నలుగురిని చూసి తేల్చలేం. అదే దేశం 2018లో షరతుల మీద అనుమతించిన మరో కణాల వైద్యం కూడా తాజా దెబ్బలకే. పదహారు నెలలు దాటిన మీ తమ్ముడు వీటి లెక్కలోకి రాడు. ఈ తేడా ఏజెంటు మీకు చెప్పి ఉండడు.

మీ తమ్ముడి విషయంలో ఇంకో మెలిక ఉంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము తొలి పూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కణ్నుంచి నరాలు కొబ్బరి పీచులా పాయలు పాయలుగా కిందికి దిగుతాయి. డి12 దెబ్బకు వెన్నుపాము కొసతో పాటు ఈ పాయలూ నలుగుతాయి. వెన్నుపాము తిరిగి అతుక్కోదుగానీ, పాయల్లో కొన్ని ఏడాది దాటాక కూడా మెల్లగా తేరుకోవచ్చు. తొడ కండరం కాస్త బిగుస్తుంది, ఎక్కడో చిన్న స్పర్శ తెలుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లో ఇంజెక్షన్ పడిందనుకోండి, పేరు ఇంజెక్షన్‌దే. ఏజెంటు చూపించే వీడియోల్లో బ్రేసులు కట్టుకుని, కమ్మీలు పట్టుకుని నిలబడే కుర్రాళ్లు ఉంటారు. బ్రేసులతో అలా నిలబెట్టడం మన ఫిజియోథెరపిస్టులూ చేస్తారు. దానికి విమానం ఎక్కనక్కర్లేదు.

ఇలా వెళ్లినవాళ్ల కథలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో బీజింగ్‌లో వెన్నులో కణాలు పెట్టించుకోవడానికి చాలా దేశాల వాళ్లు క్యూ కట్టారు. ఆ ఆస్పత్రితో సంబంధంలేని ముగ్గురు వైద్యులు ఏడుగురు రోగులను ముందూ వెనకా పరీక్షించి 2006లో రాశారు: పనికొచ్చే మెరుగుదల ఒక్కరిలోనూ లేదు, ఐదుగురికి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) లాంటి ఇబ్బందులొచ్చాయి. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర తీసి వెన్నులో అమర్చిన ఒక అమ్మాయికి, ఎనిమిదేళ్ల తర్వాత నడుం నొప్పి మొదలైంది. తీసి చూస్తే అక్కడ గడ్డ, దాన్నిండా చీమిడి లాంటి జిగురు. 2014లో బయటపడిన సంగతిది. కణాలు ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం. పైగా ఒకసారి ఇలాంటివి ఎక్కించుకున్నవాళ్లను రేపు నిజమైన ప్రయోగాల్లో చేర్చుకోకపోవచ్చు.

నిజమైన ప్రయోగాన్ని గుర్తుపట్టడానికి సామాన్యులకు అన్నిటికన్నా తేలికైన గుర్తు డబ్బే. మందు పనిచేస్తుందో లేదో ఇంకా తెలియనివాడు, దాని ఖరీదు రోగి దగ్గర వసూలు చేయడు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు మూలకణాలు వాడాలంటే అనుమతి పొందిన ప్రయోగంలోనే వాడాలి. ప్రయోగం రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కించేవి ఎవరి కణాలు, తిరిగొచ్చాక జ్వరమొస్తే చూసేదెవరు... ఏజెంటును ఈ మూడూ కాగితం మీద రాసిమ్మనండి. రాసిస్తే నాకు పంపండి.

అంతా విని కూడా వెళ్లి తీరాలనుకుంటే, స్పర్శ లేని ఒళ్లు గంటల తరబడి విమానం సీట్లో కదలకుండా ఉంటే పిరుదుల మీద పుండు పడుతుందని మరిచిపోకండి. గాలి కుషన్ ఉండాలి, ప్రతి అరగంటకూ చేతుల మీద ఒళ్లు పైకెత్తుకోవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి ముందే డాక్టర్‌ని అడగాలి.

ఇక ఆ డబ్బులో పిసరంత ఇక్కడ ఖర్చుపెడితే ఏమొస్తుందో చెబుతాను. మీ ఉత్తరంలో మూత్రం సంగతి ఒక్క ముక్క లేదు. నాకు భయం అక్కడే. గొట్టం శాశ్వతంగా ఉంచేశారా? నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన కేథటర్‌తో (సన్నటి గొట్టంతో) తనంతట తనే తీసుకోవడం నేర్పారా? మూత్రాశయం పొంగిపోతుంటే కిడ్నీలు చప్పుడు లేకుండా పాడవుతాయి. ఒకప్పుడు ఇలాంటివాళ్లు ఎక్కువగా పోయింది కిడ్నీలు చెడే. ఇది నేర్చుకోవడానికి వేలూరు సీఎంసీ పునరావాస కేంద్రం మంచి చోటు. దాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో కాళ్లు పడిపోయి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్పాడిలో దిగొచ్చు.

వరదలకు భయపడి మనవాళ్లు ఇళ్లు ఎత్తు అరుగుల మీద కడతారు. మీ ఇంటికి ర్యాంపు ఉందా? లేకపోతే అతను పదహారు నెలలుగా వసారా దాటలేదన్నమాట. సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఉండి, కుర్చీకో మంచానికో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛను ఉంది. రాకపోతే సచివాలయంలో అడగండి. ఊళ్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్ల చెవిన కొబ్బరి బోర్డు వారి కేర సురక్ష బీమా గురించి కూడా వేయండి. పడ్డాక కట్టే బీమా లేదు.

డిశ్చార్జ్ కాగితం, ఎమ్మారై పంపండి. దాంతోపాటు ఒక సంగతి కనుక్కోండి: మలద్వారం దగ్గర తాకితే అతనికి తెలుస్తోందా, అక్కడ బిగించగలుగుతున్నాడా? ఏమాత్రం తెలిసినా దెబ్బ సంపూర్ణం కాదు, అప్పుడు నా సలహా కొంత మారుతుంది. అడగడానికి మీకు మొహమాటమైతే మీవారి చేత అడిగించండి. బావ అడిగితే చెబుతాడు.