ప్రయాణ సందేహాలు: వలెట్టా ఊరు చిన్నది, మెట్లు ఎక్కువ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యూరప్‌లో, మధ్యధరా సముద్రంలో ఉన్న మాల్టా ద్వీపదేశం గురించే. అవి కూడా ఎక్కువగా బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, సిరొంచ వంటి సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చాయి. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: అక్టోబరులో భార్యాభర్తలం నాలుగు రోజులు మాల్టా వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్ళ ప్లానులో రోజుకు ఏడెనిమిది ప్రదేశాలున్నాయి. రాజధాని వలెట్టాకు ఒక్క పూటే ఇచ్చారు. సరిపోతుందా? (బరంపురం)

సరిపోదు. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లే కదా, చకచకా తిరిగేయొచ్చని అలాంటి ప్లాన్లు వేస్తారు. దూరాలు తక్కువే గానీ రోడ్లు ఇరుకు, బండ్లు ఎక్కువ. పది కిలోమీటర్లకు బస్సు ముప్పావు గంట తీసుకోవడం అక్కడ మామూలే. రోజుకు రెండు చోట్లు, మహా అయితే మూడు. అంతకు మించితే మీరు చూసేది బస్సు కిటికీ మాత్రమే.

మీ ప్లానులో మొదట ఖాయం చేసుకోవలసింది హోటలు కాదు, హాల్ సఫ్లియేని హైపోజియం టికెట్. పావొలా అనే ఊళ్ళో ఇళ్ళ కింద, రాతిని తొలిచి మూడు అంతస్తులుగా కట్టిన భూగర్భ శ్మశానమిది. ఐదు వేల ఏళ్ళు దాటిన కట్టడం. 1902లో ఇళ్ళు కడుతూ తవ్వుతుంటే బయటపడింది. మనుషుల ఊపిరితో లోపల తేమ, వేడి పెరిగితే గోడల మీది ఎర్రమట్టి రంగు చెడుతుంది. అందుకని విడతకు పదిమందినే పంపుతారు. ఫొటోలు తీయనివ్వరు. ఆరేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం లేదు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. వీసా రాకముందే డబ్బు కట్టడానికి మనసొప్పకపోతే ఇంకో దారి ఉంది. కొన్ని టికెట్లు ముందురోజు ఉదయం వలెట్టాలోని సెయింట్ ఎల్మో కోట దగ్గర అమ్ముతారు. ధర ఎక్కువ, పైగా తెల్లారే వెళ్ళి నిలబడాలి. దొరుకుతాయన్న భరోసా లేదు కాబట్టి దీన్ని రెండో దారిగానే పెట్టుకోండి.

హైపోజియం ఏ రోజు దొరికిందో చూసుకుని మిగతాది దాని చుట్టూ అల్లండి. ఆ రోజు పొద్దున రిపబ్లిక్ వీధిలోని పురావస్తు మ్యూజియం చూసి, తర్వాతే పావొలా వెళ్ళండి. హైపోజియంలో దొరికిన 'నిద్రిస్తున్న స్త్రీ' అనే మట్టిబొమ్మ ఆ మ్యూజియంలోనే ఉంది. అరచేతిలో పట్టేంత బొమ్మ. ఒక చేయి తల కింద పెట్టుకుని పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. దాన్ని చూసి వెళ్తే భూమి కింది గదులు వట్టి గుహల్లా అనిపించవు. హైపోజియం నుంచి తార్షియెన్ రాతి గుళ్ళకు నడిచే వెళ్ళొచ్చు.

ఇంకో రోజు పూర్తిగా వలెట్టాకే. 1565లో తురుష్కుల ముట్టడిని తట్టుకున్న సెయింట్ జాన్ నైట్లు (అప్పట్లో మాల్టాను ఏలిన క్రైస్తవ యోధులు) మరుసటి ఏడాదే ఈ ఊరికి పునాది వేశారు. గళ్ళ నోటుబుక్కులా తిన్నగా గీసిన వీధులు, వీధుల మీదికి పొడుచుకొచ్చిన రంగురంగుల చెక్క బాల్కనీలు. పొద్దున తలుపులు తీసే వేళకే సెయింట్ జాన్స్ కో-కతీడ్రల్ అనే పెద్ద చర్చికి చేరుకోండి. బయట కోటగోడలా బోసిగా ఉంటుంది, లోపల అడుగడుక్కీ బంగారు పూతే. నేల మీద పరిచినవి మామూలు పలకలు కావు, నైట్ల సమాధి రాళ్ళు. దాదాపు నాలుగు వందలుంటాయి. రంగు పాలరాళ్ళు అతికి పుర్రెలు, ఎముకల గూళ్ళు, దేవదూతల బొమ్మలు తీర్చారు. సన్న మడమల చెప్పులతో వస్తే రాయి పెచ్చులూడుతుందని రానివ్వరు. భుజాలు కనిపించే బట్టలు కూడా కుదరవు. చీరకు, చుడీదారుకు ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం ప్రార్థనలకే గానీ సందర్శకులకు తెరవరు. పెద్ద ట్రావెల్స్ ప్లాన్లలో కూడా ఈ ఒక్క తప్పు కనిపిస్తూ ఉంటుంది, మీదాంట్లో ఏ రోజు పెట్టారో చూసుకోండి.

పక్కనున్న ఒరేటరీ అనే ప్రార్థన గదిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' ఉంది. ఐదు మీటర్లకు మించిన వెడల్పు, మూడున్నర మీటర్లు దాటిన ఎత్తు. ఆ చిత్రకారుడు సంతకం పెట్టిన చిత్రం ఇదొక్కటే. ఆ సంతకం కూడా జాన్ మెడనుంచి కారిన నెత్తుటి మడుగులోంచి గీసుకొచ్చినట్టు ఉంటుంది. దూరంనుంచి చూస్తే చిత్రంలో సగానికి పైగా చీకటి గోడే కనిపిస్తుంది. ఆ ఖాళీని కూడా కాసేపు చూడండి, తొందరపడి ఫొటో తీసుకుని వచ్చేయకండి.

అక్కణ్ణుంచి పదకొండున్నరకల్లా అప్పర్ బరక్కా తోటకు వెళ్ళండి. మధ్యాహ్నం 12కు కింది బురుజు మీద ఫిరంగి పేలుస్తారు, సాయంత్రం 4కు మళ్ళీ. పైనుంచి చూడ్డానికి టికెట్ లేదు, కానీ పిట్టగోడ దగ్గర చోటు కావాలంటే పావుగంట ముందుండాలి. తోట మూలనుంచి లిఫ్టులో రేవుకు దిగితే ఎదురుగా 'త్రీ సిటీస్' అనే మూడు పాత ఊళ్ళకు ఫెర్రీ ఉంటుంది. వచ్చేటప్పుడు 'దైసా' అనే రంగుల పడవ ఎక్కండి. ధర ముందే మాట్లాడుకోండి.

మూడో రోజు పాత రాజధాని మ్దీనా. మధ్యాహ్నం దాటాక వెళ్ళి దీపాలు పెట్టేదాకా ఉండండి, అప్పటికి టూరు బస్సులన్నీ వెళ్ళిపోతాయి. నాలుగో రోజు గోజో ద్వీపం. చిర్కేవ్వా రేవునుంచి పెద్ద ఫెర్రీలో పాతిక నిమిషాలు. పోయేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే డబ్బు తీసుకుంటారు. టికెట్ కౌంటరు కోసం కంగారుపడకండి. వలెట్టానుంచి నేరుగా వెళ్ళే వేగపు పడవ కూడా ఉంది గానీ గాలి లేస్తే అది ఆగిపోతుంది. తిరిగి ఇండియాకు విమానమెక్కే రోజు గోజో ప్లాను అస్సలు పెట్టుకోకండి.

అక్టోబరు మంచి నెలే. సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది. కానీ ఉన్నట్టుండి కుండపోత కురిసేది కూడా ఆ నెలనుంచే. నడిచి నడిచి అరిగిన సున్నపురాతి వీధులు తడిస్తే సబ్బు రాసినట్టు జారతాయి. చెప్పుల అడుగు నున్నగా ఉండకూడదు.

ప్రశ్న: ఆధార్‌లో, పాస్‌పోర్టులో నా పేరు వి అక్షరంతో 'వెంకట' అని ఉంది. సర్టిఫికెట్లలో, ఆఫీసు రికార్డులో 'బెంకట' అని పడింది. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మాల్టాకు తీసుకోవలసిన షెంజెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) అడ్డమా? (పర్లాకిమిడి)

ఒడిశాలో మన తెలుగువాళ్ళకు పాత తలనొప్పే ఇది. ఒడియాలో వకార బకారాలు ఒకే పలుకు కాబట్టి బళ్ళో రాసిన పేరు ఇంగ్లీషులోకి బి అక్షరంతో దిగుతుంది. వాసుదేవరావు బాసుదేబ్ అవుతాడు. వీసాకు పాస్‌పోర్టులోని పేరే ప్రమాణం. విమానం టికెట్, హోటలు, బీమా అన్నీ అక్షరం పొల్లుపోకుండా దాని ప్రకారమే తీసుకోండి. ఆఫీసు జీతపు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు 'బెంకట' పేరుతో ఉంటే రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ జతచేయండి. బ్యాంకులోనైనా ముందే మార్పించుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే అధికారి ఎక్కువసేపు చూసేది ఆ కాగితాన్నే. ఒడియాలో ఉన్న పత్రాలకు ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టాలి.

ఇంటిపేరు ఖాళీ సంగతి వేరు. వీసాకు అదొక్కటే అడ్డం కాదు. టికెట్ మీద పేరెలా వేయాలో ఎయిర్‌లైన్‌ను అడిగి మరీ కొనండి. మాల్టాకు ఇండియానుంచి నేరుగా విమానం లేదు, దుబాయి లేదా ఇస్తాంబుల్ లేదా ఏదో ఒక యూరప్ ఊళ్ళో మారాలి. దారిలో దుబాయిలో రెండు రోజులు ఆగుదామనుకుంటే మాత్రం చిక్కే. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో పర్యాటక వీసా మీద వచ్చేవాళ్ళపై యూఏఈ (దుబాయి ఉన్న దేశం) 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. వ్యవధి ఉంటే ఇంటిపేరు విడిగా వేయించి పాస్‌పోర్టు మళ్ళీ తీసుకోవడమే నయం.

మిగతా లెక్కలు: దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి పదిహేను రోజుల ముందువరకు. పదిహేనోరోజు దాకా ఆగడం తెలివితక్కువ, రెండు నెలలైనా చేతిలో ఉండాలి. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరునుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టుకు కనీసం మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

ప్రశ్న: మా బాపుకు డెబ్బై ఏండ్లు, మోకాళ్ళ నొప్పులు. కాళేశ్వరం ఘాటు మెట్లు మెల్లగ దిగి ఎక్కుతడు. వలెట్టా తీసుకపోవచ్చునా? (సిరొంచ)

తీసుకెళ్ళొచ్చు, కానీ దారి ఎంచుకోవడం తెలియాలి. వలెట్టా ఒక గుట్ట వీపు మీద కట్టిన ఊరు. ఆ వీపు మీదుగా పోయే రిపబ్లిక్ వీధి, మర్చంట్స్ వీధి చాలావరకు చదునే. వాటినుంచి అటూ ఇటూ సముద్రం వైపు దిగే అడ్డవీధులే ప్రాణం తీస్తాయి. చాలావాటికి రోడ్డుకు బదులు మెట్లే ఉంటాయి, పట్టుకోవడానికి అన్నిచోట్లా కమ్మీ ఉండదు. ఘాటు మెట్లు దిగితే నీళ్ళొస్తాయి, కూర్చోవచ్చు. ఇక్కడ దిగింది మళ్ళీ ఎక్కాలి.

హోటలు ఆ రెండు వీధుల మీదే, సిటీ గేట్‌కు దగ్గర్లో తీసుకోండి. బస్టాండు గేటు బయటే, ట్రైటన్ ఫౌంటెన్ చుట్టూ ఉంటుంది. బుక్ చేసేముందు 'లిఫ్టు ఉందా, వీధి గుమ్మం దగ్గర మెట్లెన్ని' అని రాసి అడగండి. పాత ఇళ్ళను హోటళ్ళుగా మార్చినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటికి చుట్టు మెట్లే గతి. రేవుకు దిగడానికి బరక్కా లిఫ్టు ఉంది, 58 మీటర్ల ఎత్తు కలిసొస్తుంది. హైపోజియంలో మెట్లు నిటారు, వెలుతురు తక్కువ. బాపును తార్షియెన్ గుళ్ళ దగ్గర కూర్చోబెట్టడమే మంచిది, అక్కడ నడిచే బాట చదును.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. నాలుగు రోజులు రొట్టె ముక్కలతోనే గడపాలా? (రాయగడ)

అక్కర్లేదు. కానీ పేరు చూసి మోసపోకండి. వీధి వీధికీ దొరికేది పస్తిత్సి. పొరలు పొరలుగా విచ్చుకునే కజ్జికాయ అనుకోండి. లోపల రికోటా అనే జున్నులాంటి చీజు గానీ, ముద్దగా ఉడికించిన బఠాణీ గానీ పెడతారు. వేడిగా ఉన్నప్పుడు కొరికితే పొరలన్నీ చొక్కా మీద రాలతాయి, కాగితం సంచీ కింద పట్టుకుని తినాలి. చీజు దాంట్లో గుడ్డు కలపొచ్చు. కాబట్టి మీకు బఠాణీదే. పొరల మధ్య రాసే కొవ్వు చాలాచోట్ల మార్జరిన్, కొన్నిచోట్ల పంది కొవ్వు, అంటే లార్డ్. బేకరీలో 'ఇందులో లార్డ్ ఉందా?' అని అడగండి. మాల్టాలో ఇంగ్లీషు అధికార భాషే కనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

పాలకూర పెట్టిన పై కనిపిస్తే ఆగండి. అందులో ఆంకోవీ చేపో ట్యూనానో కలపడం అక్కడి అలవాటు. 'హొబ్జ్ బిజ్-జేయ్త్' అనే టమాటా రాసిన రొట్టెలో కూడా ట్యూనా ఉంటుంది, వద్దని ముందే చెప్పాలి. నిర్భయంగా తినగలిగింది బిగిల్లా. ఎండు చిక్కుడు గింజలు ఉడకబెట్టి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, కారం వేసి నూరిన ముద్ద. మన రోటిపచ్చడికి దగ్గరి చుట్టం. సాయంత్రం బస్టాండు దగ్గర ఖర్జూరం పెట్టి నూనెలో వేయించిన ఇమ్‌ఆరెట్ దొరుకుతుంది, సోంపు వాసన గుప్పుమంటుంది. కుళాయి నీళ్ళు తాగొచ్చు, కానీ సముద్రపు నీటిని శుద్ధి చేసినవి కాబట్టి రుచి మనకు నచ్చదు.

ప్రశ్న: గోపాలపురం సముద్రంలో ఈతకు అలవాటుపడ్డవాణ్ణి. అక్కడ ఈదొచ్చా? (ఛత్రపురం)

ఈదొచ్చు, అయితే మన సముద్రం నేర్పిన జాగ్రత్తలు అక్కడ సగమే పనికొస్తాయి. గోపాలపురంలో అలను కాచుకుంటూ ఇసుకలో నడిచి దిగుతాం. వలెట్టా, దగ్గర్లోని స్లీమా ఊరి వైపు ఇసుకే లేదు, రాతి అరుగులే. ఇనుప నిచ్చెన దిగగానే కాలికి నేల అందదు. ఆటుపోట్లు నామమాత్రం. ప్రమాదమంతా గాలితోనే. గాలి రేవు వైపు తోస్తున్నప్పుడు దిగడం తేలికే, కానీ తిరిగి ఎక్కేటప్పుడు అల మిమ్మల్ని నిచ్చెనకేసి కొడుతుంది. నీళ్ళలోకి దిగేముందు ఎక్కే చోటు చూసుకోండి. నాచు పట్టిన రాయి మీద రబ్బరు బూట్లు తప్పనిసరి, ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్ అనే సముద్రజీవుల బాధా తప్పుతుంది. జెల్లీచేప తగిలితే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి, సముద్రపు నీళ్ళతోనే కడగండి. పిల్లలుంటే ఇసుక, లోతు తక్కువ ఉన్న మెల్లీహా తీరానికి వెళ్ళండి.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకోవచ్చా? మన చార్జర్లు పనిచేస్తాయా? (జయపురం)

మాల్టాలో కూడా ఎడమవైపు నడపడమే, ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్ళండి. అయినా వలెట్టాలో కారు బరువే. ఊళ్ళోకి వచ్చే బండ్లను కెమెరాలు లెక్కపెట్టి రుసుం వేస్తాయి, నిలపడానికి చోటు దొరకదు. గోజోలో ఒకరోజుకైతే సరే. బస్సు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, మధ్యలో బస్సు మారొచ్చు.

చార్జరు విషయంలో చాలామంది 'యూరప్ అడాప్టర్' అని గుండ్రటి రెండు పిన్నులది కొంటారు. మాల్టాలో అది పనికిరాదు. బ్రిటిష్ పాలన వదిలిన గుర్తుగా అక్కడి ప్లగ్గులు మూడు పలక పిన్నులవి. 'యూకే అడాప్టర్' అడగండి. కార్డు మిషను 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అంటే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు దుకాణం తరఫు బ్యాంకు చేతిలోకి పోతుంది, ఎప్పుడూ నష్టమే.

ప్రశ్న: ట్రావెల్స్ వాళ్ళ కరపత్రంలో సముద్రంలో రాతి తోరణం ఫొటో ఉంది. పడవలో దాని కిందినుంచి తీసుకెళ్తారా? (గుణుపురం)

అది గోజోలోని 'అజూర్ విండో'. 2017 మార్చి 8న తుఫానులో కూలి సముద్రంలో కలిసిపోయింది. ఆ చోటికి బస్సు ఇప్పటికీ వెళ్తుంది, పక్కనే రాతి సందులోంచి పడవలు తిప్పుతారు, లోతు నీళ్ళలో డైవింగ్ చేసేవాళ్ళు వస్తుంటారు. మీ కరపత్రం మాత్రం కనీసం అన్నేళ్ళ కిందటిది. అందులోని ధరలు, ఫెర్రీ వేళలు కూడా మళ్ళీ అడిగి రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.