కుళాయి ఆగిన నాలుగో రోజు

సమాజ వ్యవస్థలు కుప్పకూలితే ప్రాణాలు నిలుపుకోవడానికి ముందుగా ఏం చేసుకోవాలన్న విషయం మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఆయుధాల గురించి, బంగారం గురించి, అడవిలో ఇల్లు కట్టుకోవడం గురించి అడిగినవారు చాలామంది ఉన్నారు గాని, మరుగుదొడ్డి గురించి అడిగినవారు ఒక్కరే. ఆ ఒక్కరికీ మిగిలిన అందరికంటే పెద్ద జవాబు రాశాను.

ప్రశ్న: ఈ మధ్య వార్తలు చూస్తుంటే నాగరికత అంతా ఏదో ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మావారేమో ఇది ఉత్త పిచ్చి భయమని కొట్టిపారేస్తున్నారు. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది, మీరు వాడిన "ఉన్నట్టుండి" అన్న మాటతోనే నాకు పేచీ. వ్యవస్థలు కూలిన సందర్భాలను దగ్గరగా చూస్తే, చాలావరకు అవి గోడ కూలినట్టు కూలలేదు, పాత బట్ట చిరిగినట్టు ఒక్కో చోట పోగు విడిపోతూ వచ్చాయి. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం 476లో అంతమైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, కాని ఆ ఏడాది పొలం దున్నుకుంటున్న రైతుకు ఏదో అంతమైందన్న సంగతే తెలిసి ఉండదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. ఆ తర్వాత కూడా జనం పనులకు వెళ్తూనే ఉన్నారు, జీతాలు మాత్రం నెలల తరబడి అందలేదు, నగరాల శివార్లలోని చిన్న తోటల్లో పండించుకున్న బంగాళాదుంపలు ఎన్నో కుటుంబాలను ఆదుకున్నాయి. 2001 డిసెంబరులో అర్జెంటీనాలో బ్యాంకులు ఉన్నాయి, ఖాతాలు ఉన్నాయి, ఖాతాల్లో సొమ్మూ ఉంది, కాని ఎవరి సొమ్మును వారు తీసుకోవడానికే వారానికి ఇంత అని హద్దు పెట్టారు. వస్తువుకు వస్తువు మార్చుకునే సంఘాల్లో జనం పెద్ద ఎత్తున చేరారు.

నిజంగానే ఉన్నట్టుండి వచ్చేవి కూడా ఉన్నాయి. 1989 మార్చి 13న సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత తుపాను వల్ల కెనడాలోని క్యూబెక్ విద్యుత్ వ్యవస్థ రెండు నిమిషాలైనా గడవకముందే పడిపోయి, సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉన్నారు. అంతకంటే ఎంతో పెద్ద తుపాను 1859లో వచ్చింది గాని, అప్పుడు దెబ్బతినడానికి టెలిగ్రాఫ్ తీగలు తప్ప పెద్దగా ఏమీ లేవు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మధ్యాహ్నం వేళ కరెంటు పోయి, రైళ్లు దారిలోనే ఆగి, కార్డులు పనిచేయక, మరునాటి ఉదయానికి గాని పరిస్థితి దారికి రాలేదు. అంటే, హఠాత్తుగా వచ్చేది సాధారణంగా గంటల్లోనో రోజుల్లోనో పోతుంది, ఏళ్ల తరబడి ఉండేది మెల్లగా వస్తుంది. హఠాత్తుగా వచ్చి శాశ్వతంగా ఉండిపోయే మూడో రకం అసాధ్యమని నేను అనను. అయితే మొదటి రెండింటికీ సిద్ధపడినవారు మూడోదానికి కూడా ఎవరైనా సిద్ధపడగలిగినంత సిద్ధపడినట్టే.

మీవారికి ఒక్క సంగతి చెప్పండి. యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో తన పౌరులను 72 గంటలపాటు ఎవరి సాయమూ లేకుండా గడపగలిగేలా ఇళ్లలో ఏర్పాట్లు చేసుకోమని కోరింది. స్వీడన్ ప్రభుత్వం 2018లో సుమారు 48 లక్షల ఇళ్లకు ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకం పంపి, 2024లో దాన్ని తిరగరాసి మళ్లీ పంపింది. అందులో వారం రోజుల ఏర్పాటు చేసుకోమని ఉంది. పిచ్చి భయమైతే ప్రభుత్వాలు తపాలా ఖర్చు పెట్టుకోవు.

ప్రశ్న: నేను జనావాసాలకు దూరంగా కొంత స్థలం కొని, తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేసి, పొదుపులో కొంత బంగారంగా మార్చి పెట్టుకోవాలనుకుంటున్నాను. ఆకలి వేస్తే మనిషి మృగమవుతాడు గదా, ఈ పథకంలో లోపం ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. మీ పథకంలో మీరు తప్ప ఇంకో మనిషి లేడు. ఒంటరిగా ఉన్నవాడికి కాలు విరిగితే నీళ్లు తెచ్చేవారు ఉండరు, రాత్రంతా కాపలా కాసినవాడికి పగలు పొలం పని చేసే ఓపిక ఉండదు. వేటాడి బతకవచ్చనుకుంటే, అదే ఆలోచన ఉన్నవారంతా ఒకే అడవిలోకి వస్తే ఆ అడవి కొద్ది వారాల్లోనే ఖాళీ అవుతుంది.

మనిషి మృగమవుతాడన్న మాట సంగతి చూద్దాం. విపత్తుల్లో మనుషులు ఎలా నడుచుకుంటారో పరిశీలించడానికి 1963లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో విపత్తుల పరిశోధన కేంద్రం ఒకటి పెట్టారు. వరదలు, భూకంపాలు, పేలుళ్లు జరిగిన చోట్లకు వెళ్లి అక్కడి పరిశోధకులు దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ గమనించినది ఏమిటంటే, గుడ్డిగా పరుగులు తీయడం, దోపిడీలు చేయడం మనం అనుకునేదానికంటే చాలా తక్కువ, పక్కవాడికి చేయి అందించడం చాలా ఎక్కువ. 1995 జనవరిలో జపాన్‌లోని కోబె భూకంపంలో శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడినవారిలో అత్యధికులను లాగినది ఇంటివారూ ఇరుగుపొరుగువారే. అదే ఏడాది జూలైలో షికాగోలో వడగాలికి ఏడు వందల మందికి పైగా చనిపోయినప్పుడు, తలుపు తట్టి పలకరించే దిక్కులేని ఒంటరి వృద్ధులు ఎక్కువగా పోయారు.

అలాగని అంతా మంచివారేనని నేను చెప్పడం లేదు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు సాగిన బోస్నియా రాజధాని సరయేవో ముట్టడిలో నీళ్ల కోసం వరుసలో నిలబడినవారి మీద గుండ్లు కురిపించారు. అయితే ఆ గుండ్లు కొండల మీది సైన్యానివి, వరుసలోని పక్కవాడివి కావు. ఇంట్లో తుపాకీ ఉన్నా వాటిని ఆపేది కాదు. నగరం నిలిచింది విమానాశ్రయం కింద తవ్విన సొరంగం వల్ల, మోసుకొచ్చిన నీళ్ల డబ్బాల వల్ల, ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకున్న ఇళ్ల వల్ల.

బంగారం సంగతికి వస్తే, మొదటి వారంలో మీకు కావలసినది చిల్లర నోట్లు. ఆ తర్వాత చాలాకాలం వరకు సబ్బు, ఉప్పు, అగ్గిపెట్టె, సూదీదారం, వీటన్నిటికంటే ఎక్కువగా మీ చేతిలోని పని చెల్లుతాయి. సైకిల్ బాగుచేయగలవాడు, పురుడు పోయగలిగిన ఆవిడ ఏ వ్యవస్థ కూలినా ఆకలితో ఉండరు. ఆ స్థలం కొనే సొమ్ములో కొంత పెట్టి ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోండి.

ప్రశ్న: అడగడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మేము బహుళ అంతస్తుల భవనంలో ఉంటాము. నీళ్లు రావడం ఆగిపోతే మరుగుదొడ్డి సంగతి ఏమిటి?

జవాబు: సిగ్గుపడవలసినది మీరు కాదు, ఈ ప్రశ్న అడగని మిగిలినవారు. 1994 జూలైలో రువాండా నుంచి పారిపోయి పొరుగు దేశంలోని (నేటి కాంగో) గోమా పట్టణం చేరిన శరణార్థులలో మొదటి నెలలోనే సుమారు 50,000 మంది చనిపోయారు. వారిని ఎక్కువగా చంపినవి కత్తులు కావు, కలరా, రక్త విరేచనాలు. మనుషులు గుంపుగా ఉండి, మలం నీటితో కలిసే చోట రోగం పాకడానికి నాలుగైదు రోజులు చాలు.

పోయిన ఏడాది ఒక ఆదివారం నేను మా ఇంట్లో మెయిన్ స్విచ్, నీటి వాల్వు రెండూ ఒక పగలు, ఒక రాత్రి కట్టేసి చూశాను. నలుగురికి 40 లీటర్లు పట్టి పెట్టుకుని, ఇది ఎక్కువేనని అనుకున్నాను. మరుగుదొడ్డిలో ఒక్కసారి పోయడానికి అర బకెట్టు, అంటే ఆరేడు లీటర్లు పోతుంటే, మధ్యాహ్నం మూడు గంటలకు డ్రమ్ములో చెంబు అడుగుకు తగిలి చప్పుడైంది. రాత్రి టార్చి తీస్తే లోపల బ్యాటరీలు కారి తెల్లటి పొడి పేరుకుపోయి, స్ప్రింగు వేలికి విరిగి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఇతరులకు జాగ్రత్తలు చెబుతున్న మనిషి ఇంటి పరిస్థితి ఇది.

కాబట్టి మొదటి సూత్రం, మంచినీళ్లను మరుగుదొడ్డిలో పోయకూడదు. మనిషికి తాగడానికి, వండుకోవడానికి రోజుకు సుమారు 4 లీటర్లు లెక్క వేసుకున్నా, నలుగురికి రెండు వారాలకు 224 లీటర్లు అవుతాయి, అంటే 224 కిలోల బరువు. లిఫ్టు లేనప్పుడు మెట్ల మీద మోసేది ఆ బరువే. అందువల్ల రెండు బకెట్ల పద్ధతి నేర్చుకోండి. 2011 ఫిబ్రవరి భూకంపంలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మురుగు గొట్టాలు పగిలిపోయిన తర్వాత అక్కడ దీనికి బాగా ప్రచారం వచ్చింది. ఒక బకెట్టు మూత్రానికి, ఇంకొకటి మలానికి. రెండూ కలవనంతవరకు వాసన చాలా తక్కువగా ఉంటుంది. మలం ఉన్న బకెట్టులో వెళ్లిన ప్రతిసారీ గుప్పెడు రంపపు పొట్టుగాని, బూడిదగాని, ఎండు మట్టిగాని బాగా కప్పేలా వేసి, ఈగ దూరకుండా మూత పెట్టాలి. మూత్రానికి పది రెట్లు నీళ్లు కలిపి చెట్లకు పోయవచ్చు. నిండిన రెండో బకెట్టును నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో, అడుగుభాగం భూగర్భజలానికి ఒకటిన్నర మీటరు పైనే ఉండేలా తీసిన గోతిలో పూడ్చాలి. భవనంలో ఉన్నవారికి అంత స్థలం ఎక్కడిదని అడుగుతారు. దాన్ని ఇప్పుడే, అందరూ మామూలుగా మాట్లాడుకుంటున్న రోజుల్లోనే, భవన సంఘంలో కూర్చుని తేల్చుకోవాలి. మురుగును పంపే మోటార్లు ఆగిపోతే పై అంతస్తులవారు పోసినది కింది అంతస్తువారి ఇంట్లో పైకి పొంగుతుందన్న సంగతిని కూడా అదే సమావేశంలో చెప్పండి.

తాగే నీటిని బుడగలు తెర్లేలా ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు మరిగిస్తే చాలు; పావుగంట మరిగించి వంటచెరకు వృథా చేయనక్కరలేదు. వంటచెరకే లేకపోతే, సువాసనలు కలపని, 5 నుంచి 6 శాతం గాఢత ఉన్న ద్రవరూపపు క్లోరిన్ బ్లీచ్ లీటరుకు 2 చుక్కలు వేసి కలిపి అరగంట ఆగాలి. నీళ్లు మసకగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయాలి. బ్లీచింగ్ పౌడరు గాఢత వేరు కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు. అదీ లేకపోతే, తేరిన నీళ్లను రెండు లీటర్లకు మించని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో నింపి ఆరు గంటలు నిండు ఎండలో, మబ్బు పట్టి ఉంటే వరుసగా రెండు రోజులు, పడుకోబెట్టి ఉంచితే క్రిములు చాలావరకు చస్తాయి. వీటిలో ఏదీ నీటిలో కలిసిన రసాయనాలను, పెట్రోలును తీసేయదు. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలగొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, కాబట్టి కొలత చేతి అంచనాకు వదలకండి.

ప్రశ్న: మా అమ్మగారు రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. ఆమె విషయంలో నేను ఏ ఏర్పాటు చేయగలను?

జవాబు: వైద్యుడితో మాట్లాడి ఎప్పుడూ ఒక నెల మందు ముందుగానే ఇంట్లో ఉండేలా చూసుకుని, పాతది ముందు వాడుతూ రండి. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, గడ్డకట్టకుండా ఉంచాలి. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట చాలా రకాల్లో సుమారు 28 రోజులు నిలుస్తుంది, మీ రకం సంగతి పెట్టెలోని కాగితంలో ఉంటుంది. ఫ్రిజ్ లేనప్పుడు సీసా తడవకుండా డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో కూర్చిన మట్టికుండలో నీడన, గాలి తగిలే చోట ఉంచితే, పొడి వాతావరణంలో చల్లదనం బాగానే వస్తుంది. మందుల పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి పెట్టండి.

నెలలు దాటితే ఏమిటన్నది మీరు అడగలేదు గాని, మనసులో ఉండే ఉంటుంది. ఒక ఇల్లు తనంతట తాను ఇన్సులిన్ తయారుచేసుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణలో ఉన్న షాంఘైలో మందు దొరకనప్పుడు, మధుమేహం ఉన్న ఎవా శాక్సల్, ఆమె భర్త విక్టర్ కలిసి, ఒక వైద్య గ్రంథం ముందు పెట్టుకుని, గేదెల క్లోమగ్రంథుల నుంచి ఇన్సులిన్ తీశారు. కుందేళ్ల మీద పరీక్షించాకనే ఆమె దాన్ని ఎక్కించుకుంది. ఆ మందు వందలాది రోగులను నిలబెట్టింది. అయితే ఆ దంపతులకు ఒక ప్రయోగశాల దొరికింది, సాయం చేసిన రసాయన శాస్త్రవేత్త దొరికాడు, క్లోమగ్రంథులు దొరికాయి. ఇలాంటిది వంటింట్లో ప్రయత్నించమని ఎవరికీ చెప్పను. జనరేటరు, మందుల నిల్వ ఉన్న ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉండటమే మీ అమ్మగారికి శ్రేయస్కరం.

ప్రశ్న: ఎన్నేళ్లకు సరిపడా తిండి నిల్వ చేయాలి?

జవాబు: ఏళ్ల మాట తర్వాత, ముందు రెండు వారాలకు, మీరు రోజూ తినేవే నిల్వ చేయండి. కరెంటు పోయాక తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు చల్లగా ఉంటాయి కాబట్టి, ముందు ఫ్రిజ్‌లోనివి తిని ఎండు సరుకు చివరికి ఉంచాలి. తవుడు తీసిన ధాన్యం గాలి చొరకుండా, చల్లని చోట ఏళ్ల తరబడి ఉంటుంది. తవుడు ఉన్నదానిలో నూనె ఉంటుంది కాబట్టి కొద్ది నెలల్లోనే ముక్కిపోయిన వాసన వస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, ఇంట్లో జనరేటరు ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. విత్తనాలు కొని డబ్బాలో దాచుకున్నవారికి నా సలహా, ఈ ఏడాదే విత్తి చూడండి, మొదటి పంట ఎవరికైనా పాడవుతుంది.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. ఇంటర్నెట్ శాశ్వతంగా పోతే నేను ముందుగా ఏం నేర్చుకుని ఉండాలి?

జవాబు: బ్యాటరీతోగాని, చేతితో తిప్పిగాని పనిచేసే రేడియో వినడం, కాగితం మీది పటం చూసి దారి పట్టడం, ఇంట్లోవారు విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు అనుకోవడం. ఇంకొకటి, ఫోన్ చూడకుండా నలుగురి నంబర్లు రాసి అల్మారా తలుపు లోపలివైపు అంటించు. మా ఇంట్లో అలాంటి కాగితం ఉంది. నీ ఉత్తరం వచ్చాక వెళ్లి చూస్తే, అందులో రెండు నంబర్లు మారిపోయాయి, మూడోదానిలో ఒక అంకె తక్కువ ఉంది.