కింద తాడు పట్టేది ఎవరు?

అంబాజీపేట

చిరంజీవి అమ్మలుకు,

మేనత్త ఆశీస్సులు. మీరు అయిదుగురు స్నేహితులు కారులో వెళ్లి తాళ్లతో కొండరాళ్లు ఎక్కుతామంటూ నువ్వు పంపిన సామాన్ల జాబితా కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, బూట్లు, టార్చిలైట్లు, చివరికి పాటలు పెట్టుకోవడానికి స్పీకర్ కూడా ఉంది. ఒకరు రాతి మీద ఉన్నప్పుడు కింద నిలబడి తాడు పట్టేది ఎవరో మాత్రం ఎక్కడా లేదు. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది అదే. ఎప్పుడు బయలుదేరాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి అన్నవన్నీ దాని తర్వాతే. తాడు పట్టే మనిషి మర్నాడు పొద్దున కునికిపాట్లు పడకుండా నిలబడగలగాలి. ప్రయాణం మొత్తాన్ని ఆ లెక్కన వేసుకోండి.

మీ నాన్నకు నచ్చజెప్పాను. వాడి భయమంతా నువ్వు కొండ మీద నుంచి జారతావని. నా భయం వేరు. అర్ధరాత్రి బయలుదేరి, వంతులవారీగా కారు నడిపి, తెల్లవారేసరికి కొండ దగ్గర దిగి, టీ తాగి ఎక్కడం మొదలుపెడతామని రాశావు కదా, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఎక్కడికన్నది చూద్దాం. మన డెల్టాలో ఎక్కడానికి రాయి లేదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద కాపురాలు మనవి. 1852లో పూర్తయిన ఆనకట్టకు కాటన్ దొర ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం, పక్కనే రాయి కొట్టుకోవడానికి కొండ ఉండటం. అక్కడి నుంచి సముద్రం దాకా కొబ్బరిచెట్టే మనకు ఎత్తు. మీ వాళ్లు మారేడుమిల్లి అంటున్నారట, దగ్గర కదా అని. టెంట్ వేసుకుని రెండు రాత్రులు గడపడానికి మారేడుమిల్లి బాగుంటుంది, అదీ అనుమతి ఉన్న చోట. రాయి ఎక్కడానికి మాత్రం కాదు. అక్కడి కొండలు అడవి కప్పినవి. బయటికి కనిపించే రాయి ఎక్కువగా వాగుల పక్కన, జలపాతాల దగ్గర ఉంటుంది, పాచి పట్టి ఉంటుంది. జలపాతం పక్క రాయి ఎక్కి ఫోటో దిగాలన్న సరదా ఎవరికైనా ఉంటే ఇక్కడే మాన్పించు. మన్యంలో దోమతెర తప్పనిసరి, మలేరియా ఇంకా ఉన్న ప్రాంతం.

గండికోట కూడా రాశావు. పెన్నా లోయ అంచున టెంట్‌లో తెల్లవారడం చూడవలసిన సంగతే. కానీ చీకట్లో టెంట్ నుంచి బయటికి వచ్చేవాళ్లకు ఆ అంచు ఎంత దూరంలో ఉందో తెలియదు, గాలి కూడా ఎక్కువ. మొదటిసారికి నేను ఒప్పుకోను. హైదరాబాదు దగ్గరి భువనగిరి వెళ్లండి. మొత్తం ఒకే రాయిగా లేచిన కొండ, గట్టి గ్రానైట్, చెయ్యి పట్టుకుని నేర్పేవాళ్లు ఉన్నారు. 2014 మే 25న పద్నాలుగేళ్లైనా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట కాలు పెట్టింది ఆ రాళ్ల మీదే. యాంకర్, అంటే పైన తాడు ఆధారపడే కట్టు, మీలో ఎవరూ వేయకూడదు. అది శిక్షకుల పని. ఇంటర్నెట్‌లో వీడియో చూసి వేసే యాంకర్ కింద నా మేనకోడలు వేలాడటానికి వీల్లేదు. ఇది సలహా కాదు, షరతు.

అమలాపురం నుంచి భువనగిరికి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. రావులపాలెం దగ్గర పెద్ద రోడ్డెక్కి, ఏలూరు, విజయవాడ, సూర్యాపేట మీదుగా చిట్యాల దాకా వెళ్లి కుడివైపు తిరగాలి. తొమ్మిది గంటలు వేసుకోండి, మధ్యలో తినడంతో కలిపి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మన కాలువ గట్ల రోడ్ల మీద మంచు ఎలా కమ్ముకుంటుందో నీకు చెప్పాలా? పక్కన గోడ ఉండదు, మలుపు కనిపించదు, కారు నేరుగా కాలువలోకి దిగుతుంది. ఎండ పొడిచాక బయలుదేరి చీకటి పడేలోపు చేరండి. ఆ రోజు ఎక్కడం అన్న మాటే వద్దు. తిని పడుకోండి. మర్నాడు, ఆ మర్నాడు పొద్దున ఎక్కి, ఆ రాత్రి కూడా అక్కడే నిద్రపోయి, నాలుగో రోజు తిరుగు ప్రయాణం. ఎక్కిన సాయంత్రమే స్టీరింగ్ పట్టుకుంటే ముంజేతులు పట్టేసి గేరు మార్చడానికే కష్టంగా ఉంటుంది. ఒక రోజు సెలవు మిగులుతుందని అందరి ప్రాణాలూ పణం పెట్టకండి.

సంక్రాంతి సెలవుల్లో అనుకుంటున్నారు కాబట్టి ఇంకో మాట. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మర్నాటి నుంచి మాత్రం పండక్కి వచ్చిన హైదరాబాదు అంతా అదే రోడ్డు మీద వెనక్కి కదులుతుంది. ఆ రెండు మూడు రోజులు వదిలేసి, జనవరి ఆఖరి వారం పెట్టుకోండి. చలి ఉంటుంది, ఎండ మండదు, రోడ్డు ఖాళీ.

ఇక తాడు. మన ఊళ్లో తాళ్లకు కొదవ లేదు. పడవ తాళ్లు, రొయ్యల చెరువుల దగ్గరి నైలాన్ తాళ్లు, కొబ్బరి పీచు మోకులు, ఏది చూసినా ఏనుగును కట్టవచ్చనిపిస్తుంది. వాటిలో ఒక్కటి కూడా కారులోకి ఎక్కకూడదు. తెగవచ్చని మాత్రమే కాదు, కావలసినంత సాగవని కూడా. జారిన మనిషిని సాగని తాడు ఒక్క కుదుపుతో ఆపుతుంది, ఆ కుదుపు నడుముకు, వెన్నుకు తగులుతుంది. ఎక్కడానికి వాడే డైనమిక్ తాడు సాగి ఆ బరువును మింగుతుంది. పదిహేను రూపాయలకు మీటరు దొరికిందని ఎవరైనా మురిసిపోతే ఆ తాడుతో కారు మీద సామాన్లు కట్టుకోమను. తాడు చివర యు.ఐ.ఎ.ఎ., అంటే అంతర్జాతీయ పర్వతారోహణ సంఘం, గుర్తు ఉందో లేదో చూడండి. డిక్కీలో పెట్రోలు డబ్బా, బ్యాటరీ, పొయ్యి ఉన్న వైపు తాడు పెట్టకండి. ఆమ్లం తగిలితే పైకి ఏమీ తెలియదు, లోపల పాడైపోతుంది. తాడును తొక్కకూడదు కూడా. దేవుడని కాదు, ఇసుక రేణువులు లోపలికి దిగి పోగులను కోస్తాయని.

అరవై మీటర్ల తాడు పైదాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కాబట్టి ముప్పై మీటర్ల ఎత్తుకే సరిపోతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్కే, అయినా ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. పైమనిషిని దింపుతూ దింపుతూ ఉండగా కిందిమనిషి దగ్గర తాడును ఆపే పరికరంలో నుంచి తాడు కొస జారిపోతుంది, అంతే. కొసకు ఒక ముడి వేసి ఉంచితే జారదు. అర నిమిషం పని.

నేను ఎన్.సి.సి.లో నేర్చుకున్న రోజుల్లో తాడును నడుము చుట్టూ తిప్పుకుని ఒంటి బరువుతో ఆపేవాళ్లం. అరచేతులు కాలేవి. ఇప్పుడు హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలకు, తగిలించి తాడును ఆపే బిలే పరికరాలు వచ్చాయి, చాలా మంచివి. వాటి వల్ల వచ్చిన చిక్కల్లా, పరికరమే అన్నీ చూసుకుంటుందని కింద ఉన్నవాళ్లు అనుకోవడం. పరికరం కిందుగా తాడును పట్టుకున్న చేయి ఏ కారణంతోనూ విడవకూడదు. ఫోను మోగినా, చీమ కుట్టినా, పైమనిషి 'అబ్బ, ఏం అందం' అని కేకపెట్టినా సరే. పైకి ఎక్కేకొద్దీ వదులు లాగుతూ ఉండాలి. ఫోటోలు తీసే పని ఇంకొకరికి అప్పగించండి. మాటలు కూడా ముందే అనుకోండి. 'బిగించు', 'వదులు', 'దించు' అన్న మూడూ చాలు, ప్రతిదానికీ ముందు పేరు చేర్చాలి. పక్కన ఇంకో జట్టు ఉంటే వాళ్ల కేక విని మీవాళ్లు తాడు వదలవచ్చు.

నేల విడిచేముందు ఒకరినొకరు చేత్తో తాకి చూసుకోవాలి. ఎక్కేవారి హార్నెస్‌కు తాడు కట్టే ఎనిమిది అంకె ఆకారపు ముడి సరిగా పడిందా, కొస జానెడైనా మిగిలిందా, ఇద్దరి హార్నెస్ బకిళ్లూ బిగిశాయా, క్యారబైనర్, అంటే తాడు తగిలించే లోహపు కొక్కెం, దాని తాళం పడిందా అని. అనుభవం ఉన్నవాళ్లే దీన్ని ఎక్కువ ఎగ్గొడతారు, నీకు అనుభవం వచ్చాక కూడా ఎగ్గొట్టకు. హెల్మెట్ ఎక్కేవారికీ కావాలి, కింద ఉన్నవారికీ కావాలి, పైనుంచి రాయి రాలేది వాళ్ల మీదే. బండి హెల్మెట్ వద్దు, అది పెట్టుకుంటే తలెత్తి చూడలేరు. ఉంగరాలు ఇంట్లోనే తీసేసి రండి. రాతి పగుల్లో ఉంగరం ఇరుక్కుని ఒంటి బరువు వేలి మీద పడితే వేలు దక్కదు. జడ చుట్టి ముడివేసుకో, చున్నీ కారులోనే వదిలేయ్.

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను, అక్కడ నేర్పుతారు. మగపిల్లలు చేతుల బలంతో లాగి పది నిమిషాల్లో చతికిలబడతారు, చూస్తూ ఉండు. మన తోటలో చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాళ్లను గమనించావా? చేతులు చెట్టును పట్టుకుని ఉంటాయంతే, ఒళ్లు పైకి లేచేది కాళ్ల మీద. రాతి మీదా అంతే. భువనగిరి లాంటి నున్నటి ఏటవాలు రాతి మీద భయంతో బోర్లా వాలిపోయి రాతిని కరుచుకుంటే కాళ్లు జారతాయి. మడమలు దించి, నిటారుగా నిలబడితే బూటు రబ్బరు పట్టు దొరుకుతుంది. ఎండెక్కితే అరచేతులు చెమర్చి అదే రాయి సబ్బులా జారుతుంది కాబట్టి పదింటిలోపు ముగించి నీడకు చేరండి.

తేనెటీగల గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పెద్ద కొండ తేనెటీగలు రాతి చూరుల కింద పట్లు పెడతాయి. ఎక్కే దారికి దగ్గర్లో నల్లగా వేలాడేది కనిపిస్తే ఆ వైపు వద్దు. దాని కింద పొయ్యి వెలిగించడం, సెంట్లు పూసుకోవడం, రాయి విసరడం వద్దు. ఒకవేళ లేచాయే అనుకో, అందరూ మొహం కప్పుకుని పరుగెత్తవచ్చు, తాడు పట్టినవారు మాత్రం పరుగెత్తడానికి లేదు. కుడుతున్నా నిలబడి, పైమనిషిని కిందికి దించాకే కదలాలి. నేను మొదట అడిగిన ప్రశ్న ఎందుకు అడిగానో ఇప్పుడు అర్థమైందా?

టెంట్ వేయడం ఇక్కడే అలవాటు చేసుకోండి. దొడ్లో వేసుకోండి, కొబ్బరిచెట్టు కింద మాత్రం కాదు. తర్వాత ఒక రాత్రి ఓడలరేవు ఇసుకలో వేసి చూడండి. ఇసుకలో మేకులు నిలవవు, గోనె సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెట్టాలి. అక్కడ రాతినేలలో మేకులు అసలు దిగవు, బండరాళ్లకు కట్టాలి. రెండు రకాలూ చేతికి వస్తే చీకట్లో కూడా వేయగలరు. భువనగిరిలో కోట మీద టెంట్ వేద్దామన్న ఆలోచన మానుకోండి. అది రక్షించుకోవలసిన కట్టడం, పైగా రాత్రి అక్కడ మీకేం పని? శిక్షకులు చూపించిన చోటో, అడిగి ఒప్పుకున్న రైతు చేనులోనో పడుకోండి. ఎండిన గడ్డి దగ్గర మంట వేయకండి. టెంట్ లోపల పొయ్యి వెలిగించకండి, ఆ పొగలో విషవాయువు వాసన లేకుండా చంపుతుంది. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి. పాము కరిస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం వద్దు, కాలు కదపకుండా 108లో పెద్దాసుపత్రికి.

నీళ్లు. కాలువ పక్కన పుట్టినవాళ్లం, నీళ్లు మోసుకెళ్లాలన్న ఊహే మనకు రాదు. వంటతో కలిపి మనిషికి రోజుకు అయిదు లీటర్లు లెక్కపెట్టి ఇరవై లీటర్ల క్యాన్లు నింపుకోండి. దాహంతో ఉన్న మనిషికి ముందు తల నొప్పి పుడుతుంది, తర్వాత చిరాకు, ఆ తర్వాత ముడి తప్పు పడుతుంది. తిండికి బెంగ లేదు. మొదటి రోజుకు పులిహోర, తర్వాతికి సున్నుండలు, చెక్కలు నేను కట్టిస్తాను. పెరుగన్నం మూటకట్టకండి.

అసలు సంగతికి వస్తాను. మీ అయిదుగురిలో తాడు ఎవరు పట్టాలన్నది స్నేహం చూసి తేల్చేది కాదు. చెప్పింది వినేవారు, విసుగు లేనివారు, ఫోను జేబులో పెట్టి మరచిపోగలిగినవారు కనీసం ఇద్దరు కావాలి. వాళ్లు కారు నడపకూడదు, వాళ్లను రాత్రి పేకాటకు కూర్చోబెట్టకూడదు. వచ్చే ఆదివారం అందర్నీ తీసుకుని ఇక్కడికి రా. మామిడిచెట్టు పెద్దకొమ్మకు స్లింగ్ అనే గట్టి పట్టీ, క్యారబైనరూ వేసి, మనిషెత్తు కంటే కాస్త పైకి ఎత్తి దింపే పని అయిదుగురి చేతా చేయిస్తాను. తేలికైనవాళ్లు బరువైనవాళ్లను దింపేటప్పుడు తామే నేల నుంచి లేచిపోతారు, అది ఎలా ఉంటుందో ముందే తెలియాలి. మనలో అందరికన్నా బరువైనవాడు మీ నాన్నే కాబట్టి వాడిని కూడా తీసుకురా, హార్నెస్ వాడికి సరిపోయేది నేను తెప్పిస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య