ఇంజిన్‌లో మడ్డి కట్టిందని వారంటీ ఇవ్వకపోతే?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రెండేళ్ల మూడు నెలల కింద హైదరాబాద్‌లో రూ.8.40 లక్షలకు పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. మొదటి ఆయిల్ 10,000 కి.మీ. దగ్గర, పది నెలలకు షోరూంలోనే మార్పించాను. రెండోసారి 19,500 దగ్గర, ఇరవై నెలలకు మా ఊరి మెకానిక్‌తో చేయించాను. రోజూ రైస్ మిల్లుకు నాలుగు కిలోమీటర్లు, నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తాను. 27,000 దగ్గర ఇంజిన్ పట్టేసింది. ఆయిల్ సరిగ్గా మార్చక మడ్డి కట్టిందంటూ వారంటీ కాదన్నారు. రూ.1.60 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. అసలు ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే ముందు ఇంజిన్ సంగతి చూడండి. దాన్ని ఇంకా పూర్తిగా విప్పకపోతే, మీరు లేకుండా విప్పొద్దని, తీసిన ఆయిల్, ఫిల్టర్, పాత భాగాలు పారేయొద్దని షోరూంకూ కంపెనీకీ ఈరోజే మెయిల్ పెట్టండి. ఇలాంటి కేసులు చాలావరకు వీగిపోయేది ఇక్కడే. ఇంజిన్ కడిగేశాక మడ్డి ఎందుకు కట్టిందో ఎవరూ తేల్చలేరు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఏ చట్టంలోనూ ఉండదు. కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదే లెక్క. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ లెక్కన మీరు రెండుసార్లూ గడువులోనే మార్చారు. ఇంజిన్ ఆగేనాటికి రెండో ఆయిల్ తిరిగింది 7,500 కి.మీ., ఏడు నెలలే.

చిక్కల్లా అదే పుస్తకంలో ఎవరూ చదవని ఇంకో పట్టికతో. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడిపే ట్రాఫిక్, ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసే చిన్న ప్రయాణాలు ఉంటే గడువు సగానికి తగ్గించాలని, అంటే సుమారు 5,000 కి.మీ. లేదా ఆరు నెలలని, చాలా కంపెనీలు రాస్తాయి. దానికి కారణం ఉంది. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి తేమ, కాలని పెట్రోల్ ఆవిరైపోకుండా అందులోనే ఉండిపోతాయి. ఆయిల్ చెడి నల్లటి మడ్డి అవుతుంది. అది ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోని స్ట్రైనర్ జాలీని మూసేస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, ఇంజిన్ ఇరుసైన క్రాంక్ తిరిగే బేరింగులు ఆయిల్ లేక ఎండిపోయి పట్టేస్తాయి. మీ మిల్లు ప్రయాణాలను చూపించి కంపెనీ వకీలు ఈ పేజీనే తెరుస్తాడు.

దానికి మీ జవాబు హైదరాబాద్ ప్రయాణాలు. గంటల తరబడి హైవే మీద నడిస్తే ఆ తేమ చాలావరకు పోతుంది. పంతంగి టోల్ దాటిన తేదీలన్నీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, తీసి పెట్టుకోండి. మడ్డికి ఆయిల్ ఆలస్యం ఒక్కటే కారణం కాదు కూడా. ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటకు లాగే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా కడుతుంది. ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, లీకై ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కలిస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారుతుంది. ఈ రెంటిలో ఏది బయటపడినా, తయారీ లోపమని మీరు గట్టిగా వాదించవచ్చు.

బయట మార్పించినంత మాత్రాన వారంటీ పోదు. 2014లో మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ కార్ల కంపెనీల కేసులో ఇదే చెప్పింది: బయటి రిపేరు వల్ల నష్టం జరిగితే, ఆ మేరకే వారంటీ కాదనవచ్చు. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి. మెకానిక్ బిల్లులో ఆయిల్ గ్రేడు, లీటర్లు, కొత్త ఫిల్టర్, కిలోమీటర్ రీడింగు ఉన్నాయా చూడండి. మాన్యువల్‌లో పల్చటి 0డబ్ల్యూ-20 గ్రేడు అని ఉండగా చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి ఉంటే మీ కేసు బలహీనమే. చిట్టీ మాత్రమే ఉంటే మెకానిక్‌తో అఫిడవిట్ రాయించండి.

విప్పే రోజు ఆయిల్ ఫిల్లర్ మూత, టాపెట్ కవర్, స్ట్రైనర్, ఆయిల్ ఫిల్టర్, ఒక్కోటీ దగ్గర నుంచి ఫోటో తీయండి. పొడి సీసాలు రెండింటిలో అర లీటరు చొప్పున ఆయిల్ పట్టి, సీలు వేసి, కారు నంబరు, తేదీ రాసి మీరూ షోరూం వాళ్లూ సంతకాలు చేయండి. వాళ్లు సంతకం పెట్టబోమంటే ఆ మాటే మెయిల్‌లో రాసేయండి. లోపాన్ని పరీక్ష లేకుండా తేల్చలేమనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ నమూనాను ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. తయారీ లోపం ఉందని చూపే భారం ఫిర్యాదుదారుదే కాబట్టి ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఉండేది మిర్యాలగూడలో కనుక నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. డీలర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి, లేదంటే ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు. కారు ధర ఐదు నుంచి పది లక్షల మధ్య కాబట్టి ఫీజు రూ.200. వారంటీ నిరాకరించిన తేదీ నుంచి రెండేళ్ల గడువు ఉంది. ముందు లీగల్ నోటీసు తప్పనిసరి కాదు గానీ, పదిహేను రోజులు గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో పంపడం మేలు. కారు మిల్లు పేరు మీద ఉంటే మాత్రం వ్యాపార వాడకమని అభ్యంతరం వస్తుంది, ఆర్సీ చూసుకోండి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ మడ్డికి పైసా ఇవ్వదు.

తీర్పు దాకా కారు లేకుండా గడవదంటే రిపేరు చేయించుకోండి. డబ్బు కట్టే ముందు "అభ్యంతరంతో, హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నాను" అని మెయిల్ పెట్టి, రిపేరు వివరాలు రాసే షోరూం జాబ్ కార్డు మీద కూడా అదే రాయండి. పాడైన క్రాంక్, బేరింగులు, స్ట్రైనర్ వాపసు తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.