పాఠకుల ప్రశ్నలు: అంతరిక్ష నౌకలో గాబ్లిన్

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేసి కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటల్లోకి కొత్తగా వచ్చేవాళ్లు గాబ్లిన్ (కథల్లోని పచ్చటి, అల్లరి బుల్లి జీవి) పాత్ర తీసుకుంటే సరదాగా ఉంటుందని పోయిన సంచికలో ఒకే ఒక్క వాక్యం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం తిట్లే, మిగతా సగంలోంచి కొన్ని ఇక్కడ.

ప్రశ్న: మేం అంతరిక్షంలో నడిచే రోల్‌ప్లేయింగ్ ఆట స్టార్‌ఫైండర్ రెండో ఎడిషన్ మొదలుపెడుతున్నాం. మూల పుస్తకంలోని జాతుల్లో గాబ్లిన్ లేదు. లేనిది ఎలా ఇస్తాను అంటున్నాడు ఆట నడిపించే మా గేమ్ మాస్టర్. నిజంగా కుదరదా?

శుభ్రంగా కుదురుతుంది. 2025లో వచ్చిన ఆ పుస్తకంలో పది జాతులున్నాయి. మనుషులు, ఆండ్రాయిడ్లు, ఆరు చేతుల స్కిటర్‌మాండర్లు, ఎలుకల్లాంటి యసోకీలు వగైరా. గాబ్లిన్ లేని మాట నిజమే. కానీ ఈ ఎడిషన్‌నీ, కత్తులూ మంత్రాల లోకంలో నడిచే పాత్‌ఫైండర్ అనే ఆట రెండో ఎడిషన్‌నీ ఒకే రూల్స్ మీద కట్టారు, అక్కడ గాబ్లిన్ 2019 నుంచీ మూల పుస్తకంలోనే ఉంది, కాబట్టి ఆ పేజీ తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టేయొచ్చు. జాతి నుంచి వచ్చే హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకి తట్టుకుంటారో చెప్పే అంకె) 6, వేగం 25 అడుగులు, చీకట్లో చూపు, డెక్స్‌టెరిటీ (చురుకుదనం), చరిష్మా (ఆకర్షణ) పెరుగుతాయి, విజ్డమ్ (వివేకం) తగ్గుతుంది. మీ గేమ్ మాస్టర్‌కి ఇంకా అనుమానముంటే స్టార్‌ఫైండర్ మొదటి ఎడిషన్ గుర్తు చేయండి. 2017లోనే అందులో 'స్పేస్ గాబ్లిన్' అని విడిగా ఉండేది, చెత్తలోంచి ఏరిన ముక్కలతో చేసిన జంక్‌లేజర్ పట్టుకుని.

ఒక్క జాగ్రత్త. పాత్‌ఫైండర్‌లో యుద్ధం ఎక్కువగా దగ్గరకెళ్లి కొట్టేది, స్టార్‌ఫైండర్‌లో అందరి చేతుల్లోనూ తుపాకులే, దూరం నుంచే కానిచ్చేస్తారు. ఆరు పాయింట్లతో ఆరుబయట నిలబడితే ఎక్కువసేపు నిలబడరు. 'అన్‌బ్రేకబుల్' అనే గాబ్లిన్ వంశం తీసుకుంటే ఆ ఆరు కాస్తా పది అవుతుంది, మొదటిసారి ఆడేవాళ్లకి నేను అదే చెబుతాను.

ప్రశ్న: గాబ్లిన్లకి 'బర్న్ ఇట్' అనే ఫీట్ (పాత్ర కోసం ఎంచుకునే ప్రత్యేక నేర్పు) ఉంది కదా, అగ్గి దెబ్బ పెంచేది. లేజర్ పిస్టల్ కూడా అగ్గి దెబ్బే కొడుతుంది. రెండూ కలుస్తాయా? మా టేబుల్ దగ్గర దీని మీద గంటసేపు గొడవైంది.

కలవవు. ఆ ఫీట్ పెంచేది అగ్గి మంత్రాల్నీ, ఆల్కెమీ వస్తువుల్నీ మాత్రమే. లేజర్ ఆ రెండూ కాదు. అయితే అదే ఫీట్‌లో చివరి ముక్క ఒకటుంది, చాలామంది అక్కడిదాకా చదవరు: మీరు అంటించిన మంట ప్రతి రౌండూ కాలుస్తూ ఉంటే, అది దేనివల్ల అంటుకున్నా సరే, దానికి ఒకటి కలుస్తుంది. అంటే ఎదుటివాడికి నిప్పంటించి వదిలేసే ఆయుధం దొరికితే మీ పంట పండినట్టే. గంట గొడవకి ఒక్క పాయింటా అనకండి, గాబ్లిన్‌కి ఆ ఒక్కటీ పండగే.

ప్రశ్న: నేను గేమ్ మాస్టర్‌ని. మా దగ్గర ఒకడు గాబ్లిన్ తీసుకున్నాడు. ప్రతి ఆటలోనూ సొంత నౌకలోనే ఏదో ఒకటి తగలబెడతాడు, తోటివాళ్ల సామాను నొక్కేస్తాడు. అడిగితే 'గాబ్లిన్ అంటే అంతే కదా' అంటాడు. మిగతా వాళ్లు విసిగిపోయారు. జాతినే నిషేధించాలా?

నిషేధిస్తే రేపు ఇంకో జాతి తీసుకుని అదే పని చేస్తాడు. అక్కడ తేడా జాతిలో లేదండీ.

గాబ్లిన్లకి నిప్పంటే పిచ్చి అని పాత్‌ఫైండర్ లోకంలో 2007 నుంచీ ఉంది, కాదనను. ఆ పిచ్చి అడవిలో ఒకలా ఉంటుంది, సీలు వేసిన రేకు డబ్బాలో ఇంకోలా ఉండాలి. 1997 ఫిబ్రవరిలో మీర్ అంతరిక్ష కేంద్రంలో ఆక్సిజన్ పుట్టించే డబ్బా ఒకటి అంటుకుంది. లోపల ఆరుగురు మనుషులు, పారిపోవడానికి రెండు సోయజ్ నౌకలు, అందులో ఒకదానికి వెళ్లే దారికి అడ్డంగా మంట. ఈ సంగతి మీవాడికి చెప్పండి, తిట్టినట్టు కాకుండా కథలా చెప్పండి. నౌకలో పుట్టి పెరిగిన గాబ్లిన్‌కి ఇలాంటివి చిన్నప్పటి నుంచీ తెలిసి ఉండాలి, లేకపోతే వాడు ఈ వయసుదాకా బతికి ఉండడు.

ఇంకా చూడండి. బరువు లేని చోట వేడి గాలి పైకి పోదు కాబట్టి కొవ్వొత్తి మంట గుండ్రంగా బంతిలా ఉంటుంది. గాలి ఆడకపోతే దాని ఊపిరి అదే ఆపుకుంటుంది, అందుకే నౌకలో పొగ కనబడగానే ముందు ఫ్యాన్లు కట్టేస్తారు. మంటలార్పే సిలిండర్ నొక్కితే అది మనల్నే వెనక్కి తోస్తుంది. ఇవన్నీ ఎవరికి బాగా తెలిసి ఉంటాయి? నిప్పంటే పడి చచ్చేవాడికే! మీవాడి గాబ్లిన్‌ని ఆ నౌకలో అగ్నిమాపక అధికారిని చేయండి. మా టేబుల్ దగ్గర ఇలాగే చేశాను. మూడో ఆటకల్లా ఆ గాబ్లిన్ రాత్రంతా వైర్లు వాసన చూసుకుంటూ తిరగడం మొదలుపెట్టింది, ఇంజిన్ గదిలో వేరెవరో సిగరెట్ వెలిగిస్తే కరిచింది. సిలిండర్‌ని వీపుకి కట్టుకుని ఎగిరింది కూడా, అది వేరే సంగతి.

దొంగతనం విషయానికి మాత్రం ఆటలో మందు లేదు. తోటి ఆటగాడి సామాను అతన్ని అడక్కుండా తీయకూడదని పాచికలు పక్కన పెట్టి, పాత్రతో కాకుండా మనిషితో మాట్లాడండి. ఊరికే కొట్టేయాలని చేతులు దురద పెడితే 'జంక్ టింకర్' ఫీట్ ఇప్పించండి, చెత్తలోంచి వస్తువులు చేసుకుంటాడు. సున్నా లెవెల్, అంటే అన్నిటికన్నా మామూలు వస్తువులే, కవచాలు కుదరవు, ఖర్చు నాలుగో వంతు. తయారైంది నాసిరకమే, అయినా చేసినవాడు వాడితే దానివల్ల వచ్చే నష్టం వాడికుండదు. అదే వస్తువు పక్కవాడు లాక్కుని వాడితే మాత్రం ఆ పక్కవాడే ఏడుస్తాడు. ఒకరిది ఒకరు ముట్టుకోకూడదన్న సంగతి నేర్పడానికి ఇంతకన్నా మంచి రూల్ నాకు కనబడలేదు.

ప్రశ్న: రాత మనసులోంచి మాటల్ని దొంగిలిస్తుందని గాబ్లిన్లు భయపడతారట. మరి నా గాబ్లిన్ నౌక ఇంజినీరు ఎలా అవుతుంది? మాన్యువల్ చదవాలి కదా.

ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ భయాన్ని తీసేయకండి, దయచేసి. అందరూ ముందు దాన్నే తీసేస్తారు, మిగిలేది పచ్చ రంగు పూసిన మనిషి.

చదవకుండా నేర్చుకునే దారులు ఆలోచించండి. పైపులకి రంగులుంటాయి, మోటారుకి ఒక మోత ఉంటుంది, వేడెక్కిన సర్క్యూట్‌కి ఒక వాసన ఉంటుంది. గాబ్లిన్లకి పాటలంటే ప్రాణం కాబట్టి రియాక్టర్ ఆపే పద్ధతి మొత్తాన్ని పన్నెండు చరణాల పాటగా పెట్టుకోండి. ఏడో చరణం మర్చిపోయిందనుకోండి, అందరూ కలిసి మొదటినుంచీ పాడాలి, అవతల అలారం మోగుతూనే ఉంటుంది. పాట మీరే రాయాలి మరి, నాలుగు పంక్తులు రాసినా చాలు. తెరల మీద అక్షరాలు కనబడితే వాటి మీద గుడ్డ కప్పేస్తుంది. దానివల్ల ఒకరోజు ముఖ్యమైన హెచ్చరిక చూడకుండా పోతుంది, ఆ దెబ్బ మీ గాబ్లిన్‌కే తగిలేలా చూసుకోండి.

ఒక సందేహం రావచ్చు: నౌక కంప్యూటర్ మాట్లాడితే? మాటల్ని దొంగిలించి దాచుకున్న రాత ఇప్పుడు వాటిని బయటికి వదులుతోందని మీ గాబ్లిన్ అనుకోవచ్చు. ఎవరి మాటలవి, ఎవరి దగ్గర దొంగిలించింది? నేనైతే ఒక ఆట మొత్తం దీని మీదే నడిపిస్తాను.

ప్రశ్న: యసోకీ బాగుంటుందా, గాబ్లిన్ బాగుంటుందా? రెండూ చిన్నవే, రెండూ రిపేర్లు చేసేవే.

చేసింది పనిచేయాలనుకుంటే యసోకీ. పేలినా పర్లేదనుకుంటే గాబ్లిన్.

ప్రశ్న: గాబ్లిన్‌ని తెలుగులో ఏమనాలి? మా వాళ్లు మరుగుజ్జు అంటున్నారు, ఒకామె పిల్లపిశాచి అంటోంది.

మరుగుజ్జు వద్దు. ఆ మాటని డ్వార్ఫ్‌కి ఎప్పుడో వాడేశారు, పైగా మనుషుల్ని నొప్పించే మాట. పిశాచి అంటే చచ్చాక వచ్చేది, మన గాబ్లిన్ ఇంకా బతికే ఉంది, అదీ ఆకలితో. పిల్లపిశాచి వినడానికి ముద్దుగానే ఉంది, మీ పాత్రకి ముద్దుపేరుగా పెట్టుకోండి, జాతి పేరు మాత్రం గాబ్లిన్ అనే ఉంచేయండి.