సైట్‌లో తోటి పనివాడు కొడితే కాంట్రాక్టర్ పరిహారం ఇవ్వాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తారు. వయసు 35, రోజుకూలి 900. 2025 ఆగస్టులో షీట్లు ఎవరు విప్పాలన్న దగ్గర మాటామాటా పెరిగి, తోటి పనివాడు రాడ్డుతో కొట్టాడు. కుడి ముంజేయి విరిగింది. ఇప్పటికీ బరువు ఎత్తలేరు. ఆస్పత్రి కాగితాల్లో జారిపడ్డాడని రాయించారు. కాంట్రాక్టర్ పదిహేను వేలిచ్చి, ఇక ఏమీ అడగబోమని సంతకం పెట్టించుకున్నాడు. ‘వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే నాకేం సంబంధం’ అంటున్నాడు.

జవాబు: అమ్మా, సంబంధం ఉంది. ఆ సంతకానికి భయపడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం 1923 ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. 2025 నవంబర్ 21న ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, దెబ్బ అంతకుముందే తగిలింది కాబట్టి మీకు పాత చట్టమే.

గొడవ దేని గురించి అన్నదే అసలు ప్రశ్న. పాత బాకీ గురించో, ఊరి తగాదా గురించో కొట్టుకుంటే పరిహారం రావడం కష్టం. పని గురించి వచ్చిన గొడవలో దెబ్బ తగిలితే, కావాలని కొట్టినా సరే, బాధితుడి వైపు నుంచి దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడవచ్చు. అందుకే షీట్ల దగ్గరే గొడవ మొదలైందని చెప్పగల పనివాళ్ల ఫోన్ నంబర్లు ఇవాళే రాసిపెట్టుకోండి. సైట్ మారితే వాళ్లు మళ్లీ దొరకరు. ముందు మీ ఆయనే చెయ్యి చేసుకుని ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది. ఆ సంగతి మీ లాయర్ దగ్గర దాచవద్దు.

పరిహారం లెక్కకు నెల జీతాన్ని 15,000 వరకే తీసుకుంటారు. అందులో 60 శాతం, అంటే 9,000ను, 35 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన 197.06తో హెచ్చవేస్తారు. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని డాక్టర్ తేలిస్తే ఆ మొత్తంలో 20 శాతం, అంటే దాదాపు మూడున్నర లక్షలు వస్తుంది. వైద్యం ఖర్చు దీనికి అదనం. కాంట్రాక్టర్ తప్పించుకుంటే, పని ఒప్పగించిన బిల్డర్‌ను 12వ సెక్షన్ కింద అడగవచ్చు.

కొట్టినవాడి మీద కేసు వేరు. ఎముక విరగడం తీవ్ర గాయమే. రాడ్డు వాడాడు కాబట్టి భారతీయ న్యాయ సంహిత 118(2) వర్తిస్తుంది. ఫిర్యాదు ఆలస్యానికి కారణం, జారిపడ్డాడని ఎవరు రాయించారో కూడా అందులో ఉన్నదున్నట్టు రాయండి. ఆ అబద్ధాన్ని పరిహారం దరఖాస్తులోకి తీసుకెళ్లవద్దు.

దరఖాస్తు కోసం హైదరాబాద్ తిరగనక్కర్లేదు. మీరు ఉండే జిల్లాలోని కార్మిక శాఖ పరిహార కమిషనర్ దగ్గరే వేయవచ్చు. గడువు రెండేళ్లు, అంటే 2027 ఆగస్టులో ఆ తేదీ లోపు. ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితం, కూలి పడిన ఫోన్‌పే వివరాలు వెంట తీసుకెళ్లండి.